వేరు మడిచి నాటిన బంతి

తిరుమలగిరి,
6 ఆగస్టు 2023.

మా ఆడబిడ్డ నిరోషకు,

వదినె అండాలు రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అన్న ఎల్లేష్ తిని తిరుగుతున్నాము. మీరు కూడా బాగానే ఉండి ఉంటారు, బాగా లేకపోతే నువ్వు ఊరుకునే మనిషివి కావు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతున్నావు కదా. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను బురదలో పడింది. రొండిన దోపుకుని వంగాను, జారిపోయింది. మీ అన్న దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టి చూశాడు. ఫోను లేవలేదు గానీ బియ్యానికి బురద వాసన పట్టింది. అయినా ఫోనుంటే మాత్రం ఏం లాభం? అమ్రాబాద్‌లో నువ్వు గుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ రాదు, నువ్వు ఎక్కే వేళకు నేను పనిలో ఉంటాను.

అసలు సంగతి చెప్తాను. ఈ ఏడు సాగర్ కాలువకు నీళ్ళు వదలలేదు. వరి లేదు, నాట్లు లేవు. మా ముఠాలో పన్నెండు మందిమీ వాకిళ్ళలో కూర్చుని ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటున్నాము. షగుఫ్తా హైదరాబాద్ పోతానని ఒకటే పాట. అట్లాంటి సమయంలో బుచ్చయ్య మామ పిలిచాడు. ఆయనకు బోరు ఉంది కదా, రెండు చెలకల్లో బంతి పెడుతున్నాడు. మొదటి చెలక మేము బాగా నాటితే రెండోది కూడా మాకే.

నారు ఎప్పుడో తీయవలసింది. జూలై ముసురుకు చెలక ఆరక, నారు మడిలోనే ముదిరిపోయింది. పీకితే వేర్లు జానెడు జానెడు వచ్చాయి. మాకు నారు కొత్తా? పీకి, మడమకేసి కొట్టి మన్ను దులిపి, తొట్టిలో శుభ్రంగా కడిగి కట్టలు కట్టాము. బోదెలకు బోరు నీళ్ళు పారించి మెత్తటి బురద చేయించాము. అంత పొడుగు వేరు ఎక్కడ పడుతుంది? మడిచి బొటనవేలితో లోపలికి కుక్కాము. పొద్దు నెత్తి మీదికి రాకముందే చెలకంతా అయిపోయింది. మామ గెట్టు మీద నోరు తెరుచుకుని నిలబడ్డాడు. రామమ్మ అయితే ఆయన్ను చూసి, ఈగలు పోతాయి మూసుకో అన్నది. డెబ్బై ఏళ్ళు వచ్చినా ఆమె నోటికి తాళం లేదు.

నువ్వు పూల నారు పెంచి అమ్ముతావు కదా, చెప్తే సంతోషిస్తావని రాశాను.

మీ ఆయన సునీల్ తమ్ముణ్ణి అడిగానని చెప్పు.

మీ వదినె,
అండాలు


అమ్రాబాద్,
10 ఆగస్టు 2023.

వదినెకు,

నీ ఉత్తరం నవ్వుకుంటూ చదివాను. మడమకేసి కొట్టిన దగ్గర నవ్వు ఆగిపోయింది.

వదినె, కోపం తెచ్చుకోకు. బంతి నారు వరి నారు కాదు. వరిని కొట్టినా కడిగినా, బురదలో ఎట్లా గుచ్చినా, నీళ్ళలో నిలబడి మొదలు దగ్గర కొత్త వేరు వేసుకుంటుంది. బంతి వేరు చుట్టూ ఉండే పీచును చూశావా? అదే నీళ్ళు తాగేది. మన్ను దులిపితే అదంతా మన్నుతోనే పోతుంది. మిగిలిన పొడుగు వేరును మడిచి కుక్కితే కొస పైకి తిరుగుతుంది, గాలం లాగా. మొక్కకు పట్టు దొరకదు. బోదె ఎండి గట్టిపడితే ఇక అంతే. కొన్ని రోజులు పచ్చగా కనిపించి మోసం చేస్తుంది. నమ్మకం లేకపోతే ఒక్క మొక్క పీకి చూడు.

నాకెట్లా తెలుసంటావేమో. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో పెరటి నిండా ఇట్లాగే పెట్టి, మా అత్తతో ఆ దసరాకు బయట పూలు కొనిపించాను. ఆమె ఇప్పటికీ ఆ సంగతి ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్తుంది.

మీ ముఠా అంత వేగంగా నాటే వాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు, నాకు తెలుసు. కానీ చేతి వేగం వేరు, చెట్టు బతకడం వేరు.

ఇక్కడి కబుర్లు ఏమున్నాయి. మీ తమ్ముడు అడవిలో గస్తీకి పోయి, పులి అడుగు చూశానని వచ్చి వాడకట్టంతా చెప్పుకున్నాడు. తీరా ఆఫీసరు చూసి అది కుక్క అడుగు అన్నాడట. అప్పటి నుంచి పెద్ద కుక్క అంటున్నాడు.

అన్నను అడిగానని చెప్పు. మొక్క పీకి చూడడం మరిచిపోకు.

నీ ఆడబిడ్డ,
నిరోష


తిరుమలగిరి,
14 ఆగస్టు 2023.

నిరోషకు,

ఉత్తరం అందింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు పెద్దలు. అర్ధం కాదు, నువ్వు పూర్తిగానే అయినట్టున్నావు.

నువ్వు లంగా కట్టుకుని బడికి పోయే రోజుల్లోనే నేను వరుసకు ముందు నిలబడి నాట్లు వేశాను. నా వెనక ఎందరు నేర్చుకున్నారో నీకు తెలియదా? తాతకు దగ్గులు నేర్పినట్టు నాకు నారు పట్టుకోవడం నేర్పుతున్నావు. చేతి వేగం వేరు, చెట్టు బతకడం వేరు అట. మరి ఇన్నేళ్ళు ఈ కాలువ కింద పండిన వడ్లు ఎవరు నాటితే బతికాయి?

నీ ఉత్తరం వచ్చిన పొద్దుటే చెలకకు పోయి చూశాను. అన్నీ పచ్చగా నిలబడ్డాయి. ఒక్కటీ పీకలేదు. పెళ్ళయిన బిడ్డ సంసారం ఎట్లా ఉందో అని రోజూ పోయి తలుపు తట్టి చూస్తారా ఎవరైనా?

మీ అన్నకు చెప్తే, మా చెల్లె చెప్పిందంటే ఏదో ఉంటది అన్నాడు. ఆ పూట ఆయనకు అన్నం ఆలస్యంగా పెట్టాను.

పెద్ద కుక్క సంగతికి మాత్రం నవ్వొచ్చింది. అది నీ మీద కోపం తగ్గిందని కాదు.

అండాలు


అమ్రాబాద్,
18 ఆగస్టు 2023.

వదినెకు,

నీ ఉత్తరం చదివాను. నువ్వు పెద్దదానివి, నీకు చెప్పడం నాదే తప్పు. అడగనిదే సలహా ఇస్తే ఇట్లాగే ఉంటుందని మా అత్త కూడా అన్నది. ఆమె అనగా విన్నప్పుడే నాకు ఎక్కువ కష్టమైంది.

ఇక నారు గురించి నీకు ఒక్క మాట చెప్పను. నీ చెలక, నీ చేతులు. నీకు నాకు వేరే మాటలు చాలా ఉన్నాయి, అవి ఎప్పుడైనా కలిసినప్పుడు మాట్లాడుకుందాము.

నిరోష


తిరుమలగిరి,
19 ఆగస్టు 2023.

నిరోషా, నా తల్లీ,

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. మిగతా పనులన్నీ తర్వాత.

మొన్న గాలి వచ్చింది. పెద్ద గాలి కూడా కాదు, ఆరేసిన బట్టలు కదిలే గాలి. పొద్దున పోయి చూస్తే బుచ్చయ్య మామ చెలకలో సగానికి పైగా మొక్కలు పక్కకు పడుకున్నాయి. నిలబడ్డవి కూడా ఆకులు వేలాడేసుకుని జ్వరం వచ్చినట్టున్నాయి. ఒకటి పీకాను. వేరు కొస ఆకాశం చూస్తున్నది. ఇంకొకటి పీకాను, అదీ అంతే. నువ్వు చెప్పిన గాలమే. ఎండకు బోదె బండలాగా అయి, వేలు కూడా దిగడం లేదు.

మామ ఇంటి మీదికి వచ్చాడు. అరవలేదు, అరిస్తే బాగుండేది. వాకిట్లో నిలబడి మెల్లగా చెప్పి పోయాడు.

"నాట్ల అండాలు అని నమ్మి ఇచ్చిన. రెండో చెలకకు ఇగ మీరు రాకుండ్రి."

పై ఊరి నుంచి వేరే ముఠాను మాట్లాడుతున్నాడట. వాళ్ళకు ఇప్పుడు వేరే చోట పని ఉంది, అది అయ్యాక వస్తారు. రెండో చెలకకు పెట్టిన నారు మడిలో ఇంకా పొడుగు పోతున్నది.

ముఠాలో కొట్లాట మొదలైంది. రామమ్మ నీళ్ళు ఎక్కువ పారించారంటుంది. ఇంకొకతి నారే మంచిది కాదంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే. మడమకేసి కొట్టమన్నది నేనే, ఆ మాట అందరికీ చెప్పాను. షగుఫ్తా బట్టలు సర్దుకున్నది. అపార్ట్‌మెంట్లలో ఊడ్చే పని ఉందట, ఇంకో ఇద్దరు దానితో పోతామంటున్నారు. ముగ్గురు పోతే ఇక ముఠా ఏముంటుంది? ఇన్నేళ్ళు ఒకే వరుసలో వంగిన మనుషులం. ఈ ఊళ్ళో ఈ మాట పాకితే వచ్చే ఏడు వరికి కూడా మమ్మల్ని ఎవరూ పిలవరు. నాకు అన్నం సహించడం లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నవ్వు, ఫర్వాలేదు. కానీ పడిపోయినవి లేపవచ్చా? మడిలో ఉన్న పొడుగు నారును ఏం చేయాలి? అంతా విడమరిచి రాయి.

నీ వదినె,
అండాలు


అమ్రాబాద్,
23 ఆగస్టు 2023.

మా వదినెకు,

నీ ఉత్తరం అందింది. అంతకుముందు నేను రాసింది నీకు అందితే దాన్ని పొయ్యిలో వేయి. అలిగి రాసింది అది.

ముందు పడిపోయిన వాటి సంగతి. చాలా వరకు లేపవచ్చు, భయపడకు. సాయంత్రం చల్లబడ్డాక బోదెలు నానేటట్టు నీళ్ళు పెట్టండి. మర్నాడు సాయంత్రం ఖుర్పీతో చుట్టూ తవ్వి మన్నుతో సహా లేపండి. వేరు నల్లబడి మెత్తగా ఉంటే పారేయండి. తెల్లగా ఉంటే మెల్లగా నిటారుగా చేసి మళ్ళీ పెట్టండి. వాటికి ఇప్పటికే దెబ్బ తగిలింది కాబట్టి వేరు కత్తిరించవద్దు. గుంత మాత్రం వేరు కన్నా లోతుగా ఉండాలి. మొక్కను కొంచెం ఎక్కువ లోతుకు దించి, మన్ను పోస్తూ పోస్తూ కాస్త పైకి లాగాలి. అప్పుడు వేరు తనంతట తానే కిందికి సాగుతుంది. పై నుంచి బొటనవేలితో కుక్కవద్దు వదినె, నీ కాళ్ళు మొక్కుతాను. పక్క నుంచి మన్ను అదిమితే చాలు.

మడిలో ఉన్న నారుకు వేరే పద్ధతి. అది బలంగా ఉంది కాబట్టి జానెడు వేరులో వేలెడు ఉంచి కొస కత్తిరించవచ్చు. గోటితో తుంచితే పీచు చిరుగుతుంది, మంచి పదునైన కత్తెర కావాలి. తలకొస కూడా తుంచేయండి. కింద వేరు తగ్గించి పైన ఆకు అంతే ఉంచితే, నలుగురు తినే ఇంట్లో ఒక్కరి సంపాదన లాగా అవుతుంది. తల తుంచితే కొమ్మలు పక్కలకు వస్తాయి, పూలు కూడా ఎక్కువే.

మీ దగ్గర గొర్రె బొచ్చు కత్తిరించే మొద్దు కత్తెర తప్ప ఏమీ ఉండదని నాకు తెలుసు. ఈ వారంలో వీలు చూసుకుని అచ్చంపేట పోయి నర్సరీ వాళ్ళు వాడే కత్తెర కొని, మీ ఊరి డానియల్ కండక్టరుగా వచ్చే దేవరకొండ బస్సులో పంపుతాను. ఈ ఉత్తరం దాని కన్నా ముందే అందుతుంది.

బుచ్చయ్య మామ దగ్గరికి పో. తప్పు మాదే అని చెప్పడానికి సిగ్గుపడకు. షగుఫ్తాను జర ఆగమను.

నీ నిరోష


తిరుమలగిరి,
25 ఆగస్టు 2023.

నిరోషకు,

నేను రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టేటట్టు లేదు.

నా బాధంతా చెప్పుకుని ఉత్తరం రాశాను. దాని తర్వాత నీ దగ్గరి నుంచి, నారు గురించి ఒక్క మాట చెప్పను అని ఉత్తరం వచ్చింది. సరే, కోపంలో రాసింది, నా ఉత్తరం ఇంకా చూసి ఉండదు అని సర్దుకున్నాను. నిన్న పొద్దుమూకి డానియల్ వచ్చాడు. నిరోష పంపిందక్కా అని కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు. ఏం రాసిందో అని ఆత్రంగా విప్పాను. కత్తెర. చీటీ లేదు, మాట లేదు, ఒక్క కత్తెర.

రామమ్మ పక్కనే ఉన్నది. ఉప్పు, సూది, కత్తెర చేతి నుంచి చేతికి అందించుకుంటే పగ అని మన ఇళ్ళలో పసిపిల్లకు కూడా తెలుసు, కింద పెడితే తీసుకుంటాము. నువ్వు ఏకంగా బస్సెక్కించి పంపావు. తెగదెంపులు అని నోటితో చెప్పే ధైర్యం లేక పంపిందని రామమ్మ అన్నది.

నేను నీకు ఏం చేశానమ్మా? ఒక్క కోపం ఉత్తరం రాశాను. నీ పెళ్ళికి మూడు రోజులు నిద్రపోకుండా లడ్డూలు చుట్టింది ఎవరు?

మీ అన్న నవ్వుతున్నాడు. మా చెల్లె అట్ల పంపది, ఏదో ఉంటది అంటాడు. నేను ఆ కత్తెరను ముట్టలేదు. పశువుల కొట్టంలో చూరులో పెట్టించాను.

అండాలు


తిరుమలగిరి,
29 ఆగస్టు 2023.

నిరోషా,

ఇప్పుడు నా తల ఎక్కడ పెట్టుకోవాలో చెప్పు. నీ ఉత్తరం మొన్న వచ్చింది. పోస్టు అతని బండి చెడిపోయిందట. ఉత్తరం కన్నా కత్తెర ముందు వస్తే నేనేం చేసేది? ఆ మధ్యలో నేను రాసింది నీకు అంది ఉంటే పొయ్యిలో వేయి. ఈ నెలలో మన ఇద్దరి పొయ్యిలూ ఉత్తరాలతోనే మండేటట్టున్నాయి. చూరులో నుంచి కత్తెర తీస్తూ మీ అన్న ఎంత నవ్వాడంటే ఆవు తాడు తెంపుకున్నది.

అదే పొద్దున మామ ఇంటికి పోయాను. పన్నెండు మందిమీ పోయాము. షగుఫ్తా కూడా వచ్చింది, సంచి ఇంట్లో పెట్టి. తప్పు మాదే అని చెప్పాను.

"పడ్డయన్నీ మేమే లేపి నాటుతం మామా. కైకిలి పైసలు అక్కర్లేదు. బతికితే రెండో చెలక మాకియ్యి."

మామ చుట్ట వెలిగించాడు. ఆయన మాట్లాడిన ముఠా వచ్చే వరకు ఎట్లాగూ చేతులు ముడుచుకునే ఉండాలి, పోయేదేమీ లేదని లెక్క వేసుకున్నట్టున్నాడు. సరే లేపండి, చూద్దాం అన్నాడు. వాళ్ళను రావద్దని మాత్రం అనలేదు.

నీళ్ళు పెట్టి రెండు సాయంత్రాలు లేపాము. నాట్ల పనిలో మేము ఎప్పుడూ ఇంత నిదానంగా పోలేదు. ఒక్కొక్క మొక్కను చంటిపిల్లను ఉయ్యాలలో నుంచి తీసినట్టు తీశాము. నిటారుగా చేయడానికి చూస్తే కొన్ని వేర్లు విరిగాయి. అవి విరిగినప్పుడల్లా షగుఫ్తా అయ్యో అల్లా అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెలకలో మూలకు ఉన్న నాలుగు బోదెలు మాత్రం మొత్తం పోయాయి.

చేతులకు పని నేర్పాలని మడిలో నారు కూడా కొంచెం అడిగి తెచ్చి, పోయిన జాగాలో పెట్టాము. అక్కడ వచ్చింది గొడవ. రామమ్మ కత్తెర పట్టనన్నది. వేరు కోస్తే ఉసురు తగులుతుందట. జీవితమంతా నారును మడమకేసి కొట్టిన మనిషికి ఇప్పుడు కత్తెర అంటే పాపం గుర్తొచ్చింది. ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఇంటికి పోయి పత్తి గింజలు పెట్టే కర్ర తెచ్చింది. దాన్ని మోచేతి లోతుకు గుచ్చి తిప్పి, వేరు మొత్తం ఆ గుంతలోకి వేలాడదీసి, పక్క నుంచి అదిమింది. కోయకుండానే నిటారుగా దిగింది. ఇంకో నలుగురు ఆమె వెంట పోయారు. మిగతా వాళ్ళం నీ కత్తెర పక్షం. ఇప్పుడు ముఠాలో రెండు పార్టీలు. కర్ర పద్ధతి మంచిదేనా? నువ్వు కాదంటే రామమ్మకు నేను చెప్పలేను, నువ్వే రాయి.

ఇక ఆ మొక్కలు నిలబడాలి. అవి పడుకుంటే మేము కూడా పడుకున్నట్టే.

నీ వదినె,
అండాలు


అమ్రాబాద్,
2 సెప్టెంబర్ 2023.

తెగదెంపుల వదినెకు,

కత్తెర ఉత్తరమూ, దాని తర్వాతదీ ఒకే రోజు వచ్చాయి. మొదటిది చదివి ఏడ్చాను, రెండోది చదివి మా అత్తను పిలిచి చదివి వినిపించాను. ఆమె నీ పక్షమే. చీటీ లేకుండా కత్తెర పంపుతారా ఎవరైనా, నీకు బుద్ధి లేదు అని నన్నే తిట్టింది. అది నిజమే. మర్నాడే అచ్చంపేట పోయే వీలు చిక్కింది, బస్సు కదులుతుంటే కిటికీలో నుంచి డానియల్ చేతిలో పడేశాను. అయితే అది అతని చేతికి ఇచ్చాను కాబట్టి, పగ అంటూ వస్తే నాకూ డానియల్‌కే.

రామమ్మ అవ్వకు నా దండాలు చెప్పు. ఆమె కర్ర పద్ధతి బంగారం. వేరు కోయకుండా నిటారుగా దింపగలిగితే అంత కన్నా మంచిది లేదు. మేము కోసేది గుంత లోతుగా తీసే ఓపిక లేక. కాకపోతే కర్ర తిప్పినప్పుడు గుంత గోడ నున్నగా గట్టిపడుతుంది, వేరు లోపలికి పోవడానికి కష్టపడుతుంది. తిప్పాక కర్ర మొనతో పక్కలు కొంచెం గీరమను. గుంతలో గాలి మిగలకుండా మన్ను నిండుగా పోయమను. ఇది నేను సలహా ఇస్తున్నట్టు కాకుండా నీ మాటగా చెప్పు, లేకపోతే కర్రతో అమ్రాబాద్ వస్తుంది.

వదినె, ఒక మాట చెప్పాలి. చేతి వేగం వేరు అని రాశాను కదా. అది రాయకుండా ఉండవలసింది. నా చిన్నప్పుడు నువ్వు నాటుతుంటే గెట్టు మీద కూర్చుని చూసేదాన్ని, నీలాగా కావాలని. నీకు ఒక్కటి నేర్పే అవకాశం దొరికేసరికి కొంచెం ఎగిరాను. మనసులో పెట్టుకోకు.

మీ తమ్ముడు ఈసారి నిజంగానే పులిని చూశాడట. ఈ ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు.

నిరోష


తిరుమలగిరి,
24 సెప్టెంబర్ 2023.

నిరోషా,

ఎగిరావులే, మా ఆడబిడ్డవు ఎగరక ఇంకెవరు ఎగురుతారు. ఆ మాట నేను ఎప్పుడో మరిచాను. మరిచానని చెప్పడం కోసం ఇప్పుడు గుర్తు చేసుకున్నాను.

మొక్కలు నిలబడ్డాయి. చెప్పడానికి భయపడి ఇన్ని రోజులు రాయలేదు, దిష్టి తగులుతుందని. లేపి పెట్టినప్పుడు ఉన్న ఆకులన్నీ రాలిపోయి పుల్లలు మిగిలితే, రామమ్మ అక్కడే కూర్చుని శోకం మొదలుపెట్టింది. తర్వాత మొదలు దగ్గర చిగురు వచ్చింది. ఇప్పుడు మోకాలెత్తు ఉన్నాయి. మూలన పెట్టిన కొత్త నారు అయితే వీటిని దాటిపోయింది. కర్ర పార్టీవి ఎత్తు పెరిగాయి, కత్తెర పార్టీవి గుబురుగా వచ్చాయి. రెండు పార్టీలూ గెలిచామనే అంటున్నాయి.

బుచ్చయ్య మామ మమ్మల్ని నమ్మలేదు నిరోషా. ఒకరోజు తెల్లవారగానే చెలకలో దొంగలాగా వంగి మొక్క పీకుతుంటే రామమ్మ కంట పడ్డాడు. వేరు నిటారుగా ఉందో లేదో చూస్తున్నాడట. నిటారుగానే ఉంది. పీకిన మొక్కను వెనక దాచుకుని నిలబడితే, మళ్ళీ నాటిపో మామా అని రామమ్మ ఖుర్పీ చేతికిచ్చింది. వంగి నాటాడు. ఆ సాయంత్రమే, పై ఊరి వాళ్ళను రావద్దని కబురు పంపాడు. రెండో చెలక మాకిచ్చాడు. దీపావళికి పూలు రావాలని వారంలోనే నాటేశాము. మడి నారు ఎంత పొడుగుందంటే షగుఫ్తా దాన్ని జడ పక్కన పెట్టి కొలిచింది. ఒక్క వేరు మడవలేదు.

షగుఫ్తాతో పోతామన్న ఇద్దరూ ఆగారు. అది మాత్రం సంచి ఇంకా విప్పలేదు. రెండో చెలక అయిపోయింది, ఇక దేని కోసం ఆగాలి అక్కా అని అడిగింది. కాలువలో నీళ్ళు లేవు, యాసంగి పంటకు వస్తాయో లేదో ఎవరికీ తెలియదు. పండగ దాకా ఉండు అన్నాను. సరే అన్నది.

నాకు దాని ఫికరే.

అండాలు


తిరుమలగిరి,
26 అక్టోబర్ 2023.

నా ఆడబిడ్డకు,

పండగ అయింది, ఒళ్ళు నొప్పులు ఇంకా పోలేదు, ముందు నీకు రాయాలని కూర్చున్నాను.

మొదటి చెలక సద్దుల బతుకమ్మకు అందింది. కొంచెం ఆలస్యంగా వచ్చినా వచ్చిందంటే వచ్చింది. మామ పూలు నందికొండకు ఆటోలో తీసుకుపోయి, మధ్యాహ్నానికే ఖాళీ ఆటోతో వచ్చాడు. మా పన్నెండు మందికీ తలా ఒక గంప పూలు ఇంటికి పంపాడు. ఈ ఏడు మా వాడలో బతుకమ్మలు ఎంత ఎత్తు పేర్చారంటే, ఎత్తుకున్న వాళ్ళకు దారి కనబడక పక్క నుంచి ఒకరు చేయి పట్టుకుని నడిపించారు. షగుఫ్తా వాళ్ళ అమ్మ కూడా వచ్చి కూర్చుని మాతో పూలు పేర్చింది. ఆమె పేర్చిందే అన్నిటి కన్నా వంకర లేకుండా వచ్చింది.

చెలకను చూడ్డానికి జనం వచ్చారు. పడిపోయినప్పుడు చూసి నవ్విన వాళ్ళే. అందులో ఒకాయన టమాట నారు పెట్టాడు, అదీ ముదిరి వేర్లు సాగాయట. ఇంకొకాయన చలికాలం బంతి పెడతాడట. మూడో ఆయన నెల్లికల్ నుంచి బండి మీద వచ్చాడు. పొడుగు వేరు నారు నాటే ముఠా మీదేనా అని అడిగాడు. ఎవరో చెప్పారట. రామమ్మ వెంటనే, కోసి నాటాలా, కోయకుండా నాటాలా, ఏది కావాలంటే అది నాటుతాం అన్నది. ముగ్గురికీ ఒప్పుకున్నాము. ఆ సాయంత్రం షగుఫ్తా సంచిలో నుంచి బట్టలు తీసి తీగ మీద ఆరేసింది. ఎందుకే, ఉతికినవే కదా అంటే, మడతల వాసన పోవాలి అక్కా అన్నది.

నిన్న పొద్దున బుచ్చయ్య మామ వచ్చాడు. మొదటి చెలక ఏరడం అయ్యాక అందులో చామంతి పెడతాడట, పక్కన ఉల్లి నారు కూడా ఉందట. ఎప్పటిలాగే వాకిట్లో నిలబడి, లోపలికి కేక వేసి చెప్పాడు.

"అండాలూ, ఎల్లుండి పొద్దుగాల అందరు రాండ్రి."

నేను చీపురు పక్కన పెట్టి బయటికి వచ్చాను. వెనక మా వాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఎల్లుండి కాదు మామా. ఆదివారం దాక ఆగాలె. మాకు తీరిక లేదు."

మామ నన్ను చూశాడు. వెనక ఉన్న వాళ్ళను చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. చుట్ట తీసి, సరే బిడ్డా, ఆదివారం అన్నాడు. రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగి, ఆదివారం ఇంకెవరికీ ఒప్పుకోకు అని కూడా అన్నాడు.

నిరోషా, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రైతు పిలిస్తే పోయాను. పిలవకపోతే, పిలుస్తాడేమోనని వాకిట్లో కూర్చున్నాను. ఒక రైతును ఆగమని చెప్పడం ఇదే మొదలు. ఇంట్లోకి పోయి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. మీ అన్న ఉరికి వచ్చి, మామ ఏమన్నడే అని అడిగాడు. ఏమీ అనలేదు, మాకు తీరిక లేదు అన్నాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నేను మళ్ళీ అదే మాట చెప్పి మళ్ళీ ఏడ్చాను.

బయట షగుఫ్తా కేకేస్తున్నది, టమాట చెలకకు ఆటో వచ్చింది. పోవాలి.

నీ వదినె,
అండాలు